జపాను రాణి నుదుటి బొట్టు

మా వాషర్‌మెన్‌పేట్ ఇంట్లో కొలువు బొమ్మలకు జరిగిన మర్యాద మనుషులకు జరిగేది కాదు. మనుషులకు ఒక గది, ఒక వంటిల్లు, మేడ మీద రేకుల షెడ్డు. బొమ్మలకు మాత్రం అటక మీద ట్రంకు పెట్టెలు, మెత్తని పాత చీరలు, ఎండిన వేపాకు, కర్పూరం బిళ్లలు. దసరాకు వారం ముందు మా అవ్వ, అంటే మా నాన్న తల్లి, నన్ను స్టూలెక్కించి పెట్టెలు దింపించేది. "నిదానం మే, లోపల మనుషులుండారు" అనేది. లోపలున్నది మట్టి శెట్టి, మట్టి శెట్టెమ్మ, తలూపే తంజావూరు బొమ్మ, ముక్కు విరిగిన పోలీసు, ఇంకా ఒక చెక్క రాజు, చెక్క రాణి. ఆ చెక్క జంట అవ్వ పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టి పంపిన తిరుపతి బొమ్మలు. ఏ ఏడైనా పై మెట్టు వాళ్లదే.

చెన్నై రాయపురం రేవులో గుమాస్తా పనికని మా ముత్తాత నెల్లూరు వైపు నుంచి వచ్చాడు. ఆయన తర్వాత మేమెవరమూ ఈ ఊరు దాటలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. ఇన్ని చాలవన్నట్టు నేను జపనీస్ నేర్చుకుంటానన్నప్పుడు మా అమ్మ, "ఉండేవాటిల్లోనే ఒక్కటీ సరిగ్గా రాదు నీకు" అంది. నిజమే. కానీ ఇంట్లో ఉంటే సాయంత్రాలు సంబంధాల కబుర్లు వినాలి. అందుకని చేరాను. భాష మీద ప్రేమ, అదీ ఇదీ అని ఇప్పుడు నా విద్యార్థులకు చెప్తుంటాను గానీ, మొదట్లో అలాంటిదేమీ లేదు.

క్లాసు నుంగంబాక్కంలో ఒక మేడ మీద జరిగేది. జపాను ప్రభుత్వం సొమ్ముతో నడిచే క్లాసు. తమ భాష, తమ పండగలు బయటి దేశాలవాళ్లకు తెలియాలని వాళ్లు టీచర్లను పంపుతారు. పుస్తకాలు, గాలిపటాలు, విసనకర్రలు, టీ గిన్నెలు కూడా పంపుతారు. ఫీజు దాదాపు లేనట్టే. ఫ్యాన్లు మాత్రం మన చెన్నై ఫ్యాన్లే, ఆడేదానికంటే అరిచేది ఎక్కువ.

మాకు చెప్పే ఆవిడను సెన్సే అనేవాళ్లం. సెన్సే అంటే వాళ్ల భాషలో టీచరుగారు. యాభై దాటిన సన్నటి మనిషి, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. భర్త పోయిన ఏడాదికి ఈ పనికి దరఖాస్తు పెట్టుకున్నారట. ఏ దేశానికి పంపుతారో కూడా అడగలేదట. చెన్నై అన్నారు, పెట్టె సర్దుకుని వచ్చేశారు. ఈ సంగతి ఆవిడే ఒకసారి బస్టాపులో చెప్పారు, రేపు వాన పడుతుందేమో అన్నట్టుగా. నేను మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వేలికున్న పెళ్లి ఉంగరం ఆవిడ తీయలేదు కాబట్టి ఎవరికీ అడగాలనీ తోచలేదు.

నేను చేరిన రెండో ఏడు క్లాసుకు గండం వచ్చింది. జూన్‌లో నిండిన బెంచీలు ఆగస్టుకు ఖాళీ అయ్యాయి. జపాను అక్షరాలు చూసి సగం మంది పారిపోయారు, పరీక్ష పేరు చెబితే ఇంకో సగం. గుప్పెడు మందిమి మిగిలాం. ఢిల్లీలో ఉన్న వాళ్ల పెద్ద ఆఫీసు నుంచి మర్యాదగా ఒక కబురు వచ్చింది. జనం రాకపోతే చెన్నై క్లాసును బెంగళూరులో కలిపేస్తారు. సెన్సే గడువు ఇంకో మూడేళ్లు పొడిగించాలా, ఇంటికి పంపాలా అన్నది కూడా అప్పుడే తేలుస్తారు. ఇదంతా ఆవిడ బోర్డు తుడుస్తూ మాకు చెప్పారు. తర్వాత నాతో విడిగా, "అక్కడ నాకు ఇల్లు ఉంది. ఇక్కడ నాకు పని ఉంది. ఇల్లు ఎక్కడికీ పోదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఈ క్లాసు పోతే ఈమె ఏమైపోతుంది అని మొదటిసారి అనిపించింది.

బొమ్మలు వచ్చింది సరిగ్గా అప్పుడే. జపాను వాళ్లకు మార్చి నెలలో ఆడపిల్లల పండగ ఒకటుంది. మెట్లు కట్టి, ఎర్రగుడ్డ పరిచి, పై మెట్టు మీద రాజును రాణిని, కింద చెలికత్తెలను, వాద్యగాళ్లను, మంత్రులను వరసగా కూర్చోబెడతారు. ఒక చిన్న ఊళ్లో ఎవరో ఇచ్చిన పాత బొమ్మల జట్టును వాళ్ల ప్రభుత్వం ఊరూరా తిప్పుతోంది. చెన్నైకి మార్చిలో రావలసింది. మన రేవులో సుంకం వాళ్ల దగ్గర తిష్ట వేసి, వానలు మొదలయ్యాక తీరిగ్గా వచ్చింది. పెట్టె తెరిచి చూసి సెన్సే దిగులు పడ్డారు. పండగ దాటాక ఆ బొమ్మలను బయట ఉంచితే ఇంటి ఆడపిల్లకు పెళ్లి ఆలస్యమవుతుందని వాళ్ల నమ్మకం.

"ఆలస్యమైతే నాకు మేలే" అన్నాను. ఆవిడ నవ్వారు. నాకు అప్పుడు తట్టింది.

"సెన్సే, వచ్చే నెల మా ఊరంతా ఇదే పని చేస్తుంది. మెట్లు కట్టి బొమ్మలు పెడుతుంది. ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి చూస్తారు. మనమూ అప్పుడే పెడితే పిలవకపోయినా వస్తారు."

పండగ కాని పండగలో బొమ్మలను కూర్చోబెట్టడం ఆవిడకు అంత తేలిగ్గా మింగుడుపడలేదు. రెండు మూడు రోజులు ఆలోచించారు. ఢిల్లీకి రాసి అడిగారు. సరే, చూడటానికి అధికారి ఒకరు వస్తారని జవాబు వచ్చింది. చివరికి, "మీ కొలువు ఎలా చేస్తారో ముందు నాకు చూపించు" అన్నారు.

అలా దసరా మొదటి రోజున సెన్సే మా ఇంటికి వచ్చారు. మా వీధిలోకి ఆటో రాదు. పూల బండ్ల మధ్య నుంచి, ఇడ్లీ పిండి రుబ్బే మిషన్ల మోత దాటుకుని, గొడుగు మడిచి పట్టుకుని వచ్చారు. కొలువు ముందు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. మెట్లు బేసి సంఖ్యలో ఉండటం చూసి ఆశ్చర్యపోయారు, వాళ్లకూ అంతేనట. పై మెట్టు మీద చెక్క రాజూ రాణీ జంటను చూసి నా చెయ్యి పట్టుకున్నారు. అవ్వకు ఒక్క ముక్క జపనీస్ రాదు, సెన్సేకు ఒక్క ముక్క తెలుగు రాదు. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. నేను మధ్యలో అనువాదం చేయబోతే అవ్వ, "నువ్వు సుమ్మా ఉండు మే, మేము మాట్లాడుకుంటా ఉండాం" అంది.

బయల్దేరేటప్పుడు మా అమ్మ కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. ఆ భరిణె కనబడగానే అవ్వ వంటింట్లోకి వెళ్లిపోయింది. అది మాకు కొత్త కాదు. మెట్లు కట్టేది అవ్వ, బొమ్మలు సర్దేది అవ్వ, శెనగలు నానబోసి సుండల్ చేసేది అవ్వ. కుంకుమ వచ్చిందంటే మాత్రం ఆమె ఆ గదిలో ఉండేది కాదు. తాత పోయినప్పుడు నాన్న ఇంకా బడిలో చదువుతున్నాడు. పదో రోజున బొట్టు తుడిచారని మాకు తెలుసు. ఎలా తుడిచారు, ఎవరు తుడిచారు అన్నది ఆమె ఏనాడూ చెప్పలేదు. అవ్వను లోపలికి పొమ్మని ఎవరూ అనేవాళ్లు కాదు, ఉండమనీ ఎవరూ అనేవాళ్లు కాదు. అదే నాకు ఇప్పటికీ ఒళ్లు మండే విషయం.

అమ్మ సెన్సేకు బొట్టు పెట్టి, తమలపాకులు, వక్క, రవిక గుడ్డ చేతిలో పెట్టింది. సెన్సే ఆ బొట్టుతోనే బస్సెక్కి నుంగంబాక్కం వెళ్లారు. కొలువు చూడటానికి వచ్చినవాళ్లకు బొట్టు పెట్టకుండా పంపకూడదని ఆవిడ మనసులో గట్టిగా నాటుకుంది. మర్నాడు క్లాసు హాల్లో జపాను బొమ్మలకు ఎర్రగుడ్డ మెట్లు కట్టి, పక్కన ఒక చిన్న బల్ల వేసి, దాని మీద కొత్త కుంకుమ భరిణె, మంచినీళ్ల చెంబు, బియ్యం పేలాల మిఠాయి పొట్లాలు పెట్టారు. ఆ భరిణె ఏం చేస్తుందో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

జనం వచ్చారు. అమ్మ వాషర్‌మెన్‌పేట్‌లో జపాను కొలువు జపాను కొలువు అని వీధి వీధీ చాటింది. పట్టుచీరల ఆడవాళ్లు పిల్లలను వెంటేసుకుని మేడ మెట్లు ఎక్కారు. ఒకావిడ అలవాటు కొద్దీ బొమ్మల ముందు నిలబడి రాగం ఎత్తుకుంది. అది తమకు చేస్తున్న మర్యాద అని తెలిసి సెన్సే పాట అయ్యేదాకా నడుం వంచే నిలబడ్డారు. పాపం, ఆ పాట చిన్నది కాదు. ఇంకొకావిడ, రాజు ఏ అవతారం అని అడిగింది. సుండల్ ఎక్కడ పెడతారని పిల్లలు అడిగారు. బియ్యం పేలాలు చూసి ముఖం ముడుచుకుని, నమిలి చూసి మళ్లీ చెయ్యి చాపారు. వెళ్తూ వెళ్తూ ఒకరిద్దరు తల్లులు, క్లాసు ఎప్పుడు, పిల్ల నర్సింగ్ చదువుతోంది, పనికొస్తుందా అని ఆరా తీసేవాళ్లు. సెన్సే ముఖంలో మెల్లగా రంగు వచ్చింది. ఢిల్లీ నుంచి అధికారి రావలసిన రోజు దగ్గరపడేసరికి ఆవిడ గొడుగు కూడా మరిచిపోయి వస్తున్నారు.

ఆయన రేపు వస్తారనగా, జపాను బొమ్మలు చూస్తానని అవ్వ మాతో బయల్దేరింది. అమ్మ చేతిలో స్టీలు డబ్బా నిండా సుండల్. "బొమ్మలకు నైవేద్యం లేకుండా ఎట్ల పెట్టినారో" అని దారంతా అవ్వ సణుగుడు. మధ్యాహ్నం వేళ, హాల్లో ఎవరూ లేరు. సెన్సే పక్క గదిలో ఫోనులో ఢిల్లీతో మాట్లాడుతున్నారు. అమ్మ సుండల్ పంచడానికి ఆకులు కడుగుతోంది. నేను కాఫీ తేవడానికి కిందికి దిగాను.

కాఫీ ఫ్లాస్కుతో పైకి వచ్చేసరికి మా అవ్వ స్టూలెక్కి ఉంది. బొమ్మలు సర్దే స్టూలు అది. డెబ్బై దాటిన మనిషి, ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేతి వేలు పై మెట్టు మీది రాణి నుదుటికి ఆనించి ఉంది.

"అవ్వా!" అని అరిచాను.

"అరవబాకు, పడతా" అంది వెనక్కి తిరగకుండానే. "చూడు, పావం, ఎవరో తుడిచేసినారు. గుర్తు ఆడ్నే ఉండాది. మొగుడు పక్కన కూసోనుండాడు గదా, తుడవాల్సిన పనేముండాది?"

నాకు ఒక్కసారిగా అర్థమైంది. వెనకటి జపాను రాజభవనాల్లో ఆడవాళ్లు కనుబొమలు తీసేసి, నుదుటి పైభాగాన మసక మసకగా నల్లటి మచ్చలు దిద్దుకునేవాళ్లట. అదే వాళ్ల సింగారం. రాణి బొమ్మకు కూడా అలాగే దిద్దారు. సెన్సే క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు నేను ఆవులిస్తూ విన్నాను. ఆ మసక మచ్చలు మా అవ్వ కంటికి ఇంకోలా కనిపించాయి. ఎవరో మొరటుగా బొట్టు తుడిచేస్తే మిగిలిన మరకలాగా. అందుకని చెంబులో వేలు ముంచి, కుంకుమ అద్ది, తెల్లటి నుదుటి నడిమధ్యన నిండుగా, గుండ్రంగా బొట్టు పెట్టింది.

ఆ బొమ్మల ముఖాలు ఆల్చిప్పల పొడితో పూసినవి. వాటిని వట్టి చేత్తో తాకకూడదు, గ్లవ్స్ వేసుకోవాలి. తడి తగిలితే పొడి కరిగి రంగు లోపలికి ఇంకిపోతుంది. ఇంకిపోయింది కూడా.

సెన్సే వచ్చి చూశారు. అవ్వ చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా స్టూలు దింపారు. తర్వాత గ్లవ్స్ వేసుకుని రాణిని కిందికి తీసి, తెల్లగుడ్డ మీద పడుకోబెట్టారు. అవ్వ కుర్చీలో కూర్చుని, తను చేసినది ఏదో తప్పయిందని మా ముఖాలు చూసి తెలుసుకుంది. మా అమ్మకు ఏడుపు వచ్చేసింది. "అయ్యో, నీకెందుకు అత్తా? రేపు ఢిల్లీ ఆయన వస్తా ఉండాడు. పావం, టీచరమ్మ ఉద్యోగం పోతాది" అంది.

బొమ్మల పెట్టెలో మరమ్మతుకని ఒక చిన్న డబ్బా ఉంది. అందులో అదే తెల్లటి పొడి, సన్నటి కుంచె. సెన్సే ఆ డబ్బా తెరిచి నాతో జపనీస్‌లో అన్నారు. "పై పొర కొంచెం గీకి, దీనితో పూస్తే కనబడదు. ఆయన ఫోటోలు పెట్టుకుని ఒక్కొక్క బొమ్మనూ పోల్చి చూస్తారు. అయినా భూతద్దం పెట్టి చూస్తే తప్ప తెలియదు." ఆవిడకు ఆ పని వచ్చు. క్లాసు బతికిందనుకున్నాను.

కుంచె రాణి నుదుటి దగ్గరికి వచ్చింది. అప్పుడు అవ్వ కుర్చీలోంచి లేచింది.

"తుడవబాకండమ్మా" అంది. అరవలేదు. ఇంట్లో మాతో మాట్లాడే గొంతు కాదు అది. "ఒకసారి తుడిచినారు గదా. మళ్లీనా?"

సెన్సే నా వైపు చూశారు. నేను అనువాదం చేసేలోపే అవ్వ ఇంకో మాట అంది. "నాది తుడిచేటప్పుడు నన్నెవరూ అడగలా. గోడకు ఆనించి పట్టుకున్నారు."

మా అమ్మ చేతిలోంచి ఆకులు జారిపోయాయి. అంతకాలం కోడలుగా పక్కనే ఉన్న మనిషికి కూడా అవ్వ ఆ మాట చెప్పలేదు. నేను సెన్సేకు చెప్పాను. బొట్టు అంటే మాకు ఏమిటో, భర్త పోతే ఏం చేసేవాళ్లో, తాత పోయినప్పుడు అవ్వ వయసు నా వయసు కంటే ఎంతో ఎక్కువ కాదని, అన్నీ చెప్పాను. నాకు వచ్చిన జపనీస్ అంతా అయిపోయింది. మిగిలినది ఏడుపుతో చెప్పాను. సెన్సే వింటూ తన ఉంగరాన్ని వేలి చుట్టూ తిప్పుకుంటూ ఉండిపోయారు.

తర్వాత కుంచెను డబ్బాలో పెట్టి మూత వేశారు. "రాణిగారిని పైన కూర్చోబెట్టు" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "అవ్వ ఇంటికి వెళ్లాక చేద్దాం సెన్సే, ఆమెకు తెలియదు" అన్నాను. క్లాసు పోతుంది, మీరు వెళ్లిపోవలసి వస్తుంది అని కూడా అన్నాను.

"ఆవిడ చూస్తుండగా చేయలేకపోయాను. ఆవిడ వెళ్లాక చేస్తే అది ఇంకా అన్యాయం" అన్నారు సెన్సే. అవ్వ పక్కన కూర్చుని సుండల్ తిన్నారు. కారం ఎక్కువై కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం వల్లే అని నేను అనుకున్నాను.

మర్నాడు ఢిల్లీ అధికారి వచ్చారు. చెడ్డ మనిషి కాదు, అది చెప్పాలి. హాలు నిండా ఆడవాళ్లను, పిల్లలను చూసి సంతోషించారు. క్లాసు గురించి అడిగినవాళ్ల సంఖ్య విని తల ఊపారు. మిఠాయి నోట్లో వేసుకుని, ఫోటోలు చేతిలో పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్లారు. పై మెట్టు దగ్గర ఆగిపోయారు.

"ఇది ఎలా జరిగింది?" అని అడిగారు జపనీస్‌లో.

నేను ముందుకు అడుగేశాను. సెన్సే చేతిని కాస్త అడ్డం పెట్టి నన్ను ఆపారు. "నా పర్యవేక్షణలో జరిగింది. ఈ ఊరి ఆచారం ప్రకారం రాణిగారికి మర్యాద చేశారు. అది చెరపడం మర్యాద కాదని నేను నిర్ణయించాను. బాధ్యత నాది" అన్నారు.

ఆయన చాలాసేపు రాణి ముఖంలోకి చూశారు. ఎర్రగుడ్డ, నల్లటి జుట్టు, తెల్లటి ముఖం, నడుమ ఆ కుంకుమ. నిజం చెప్పొద్దూ, ఎంత అందంగా ఉందో. ఆయనకూ అలాగే అనిపించి ఉంటుంది, నా నమ్మకం. కానీ ఆయన చేతిలో ఉన్నది ఫోటో, ఫోటోలో బొట్టు లేదు.

ఫలితం ఆ నెలాఖరుకు తెలిసింది. చెన్నై క్లాసు కొనసాగుతుంది. కొత్త బ్యాచికి బెంచీలు చాలలేదు కూడా. సెన్సే గడువు మాత్రం పొడిగించలేదు. అప్పగించిన వస్తువుల పట్ల తగినంత జాగ్రత్త చూపలేదన్నారట. ఆవిడ ఆ సంగతి కూడా బోర్డు తుడుస్తూనే చెప్పారు. "క్లాసు ఉంది కదా" అన్నారు. ఉంది గానీ, క్లాసు అంటే నాకు ఆవిడే. ఆ రోజు నేను పాఠం రాసుకోలేదు.

వెళ్లేముందు సెన్సే వాషర్‌మెన్‌పేట్‌కు వచ్చారు. అప్పటికి బొమ్మలన్నీ అటకెక్కేశాయి. అవ్వ మెత్తగా ఉడికించిన పెసరపప్పు పొంగలి పెట్టింది. సెలవు తీసుకునే వేళకు అమ్మ మామూలుగా భరిణె తెచ్చింది, అవ్వ మామూలుగా వంటింటి వైపు తిరిగింది. సెన్సే ఆమె కొంగు పట్టుకున్నారు. చిన్నపిల్ల పట్టుకున్నట్టు.

"అవ్వ పెట్టాలి" అన్నారు. ఆ రెండు తెలుగు మాటలు ఎక్కడ నేర్చుకున్నారో తెలియదు. నేను నేర్పలేదు.

"నేను పెట్టకూడదమ్మా. నాకు లేదు గదా" అంది అవ్వ నా వైపు చూస్తూ. చెప్పమన్నట్టుగా. నేను చెప్పాను.

"నాకూ లేరని చెప్పు" అన్నారు సెన్సే.

అదీ చెప్పాను. అమ్మ చెయ్యి భరిణెతో గాల్లోనే ఉండిపోయింది. దసరా రోజున తను ఎవరికి బొట్టు పెట్టిందో అమ్మకు అప్పుడే తెలిసింది. అవ్వ సెన్సే ముఖంలోకి చూసింది, ఉంగరం వైపు చూసింది, మళ్లీ ముఖంలోకి చూసింది. "అట్లనా?" అంది. "అట్లయితే ఈమెకు నేనుదాన్, నేనే పెట్టాల" అని మా అమ్మ చేతిలోంచి భరిణె తీసుకుంది. ఆ పెట్టడం కూడా ఏదో చుక్కలా కాదు. రాణికి పెట్టినట్టే, నిండుగా, గుండ్రంగా పెట్టింది.

బొమ్మల జట్టు ఇంకో రెండు దేశాలు తిరిగి చివరికి తన ఊరు చేరింది. సెన్సే ఆ ఊరు వెళ్లి, బొమ్మలు ఇచ్చిన ఆవిడను వెతికి పట్టుకుని, జరిగినది చెప్పారట. ముఖానికి కొత్తగా తెలుపు పూస్తామని వచ్చిన పనివాడిని ఆ ఇంటావిడే వద్దని పంపేసిందట. అప్పటినుంచి ఏటా మార్చిలో ఆ ఊరి హాల్లో బొమ్మలు పెట్టినప్పుడు సెన్సే నా ఫోనుకు ఒక ఫోటో పంపుతారు. అవ్వకు చూపు తగ్గింది, ఫోనులో ఏమీ కనబడేది కాదు. ఫోటో వచ్చిందని చెప్తే ఆమె అడిగేది ఒక్కటే. "బొట్టు ఉండాదా?"

"ఉండాది అవ్వా."

"సరి" అనేది. మళ్లీ ఏడాది దాకా ఆ మాట ఎత్తేది కాదు.

ఇప్పుడు ఆ నుంగంబాక్కం మేడ మీద పాఠం చెప్పేది నేను. కొత్త ఫ్యాన్లు వచ్చాయి, ఇవీ అరుస్తాయి. నా ముందు కూర్చునే నర్సులకు, ఫ్యాక్టరీ కుర్రాళ్లకు కావలసింది వీసా, పరీక్ష పాసు. పండగల గురించి చెప్తుంటే వాచీలు చూసుకుంటారు. వాళ్లనేమీ అనను, నేనూ ఆవులించినదాన్నే. దసరాకు మాత్రం మా చెక్క రాజును, రాణిని ఇంటి నుంచి తెచ్చి బోర్డు కింద బల్ల మీద పెడతాను. బల్ల మీద భరిణె ఉంటుంది, పెట్టుకునేవాళ్లు ఎవరైనా పెట్టుకోవచ్చు, ఎవరికి ఎవరైనా పెట్టొచ్చు. ఎవరైనా లోపలి గదిలోకి వెళ్లబోతే నేనే ఆపుతాను.

పోయిన చలికాలంలో అవ్వ వెళ్లిపోయింది. మార్చిలో ఎప్పటిలాగే ఫోటో వచ్చింది. క్లాసు అయిపోయి అందరూ వెళ్లాక ఒక్కదాన్నే కూర్చుని, రాణి ముఖాన్ని వేళ్లతో పెద్దది చేసి చూశాను. రంగు కాస్త గోధుమకు తిరిగింది. అంచులు చెదరలేదు.

"ఉండాది అవ్వా" అన్నాను పైకే. అలవాటు కొద్దీ, "సరి" అనే మాట కోసం కాసేపు ఆగాను.